మూడో కొండ

2017 జూన్‌లో, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాననగా, కలకత్తాలో నేను పనిచేసే మ్యూజియం వారు నన్ను కాగితం, పట్టు బొమ్మల విభాగానికి చీఫ్ కన్సర్వేటర్‌గా వేశారు. అదే విభాగంలో టెక్నికల్ అసిస్టెంటుగా చేరి, అసిస్టెంటు కన్సర్వేటర్‌నై, సీనియర్‌నై, జుట్టు సగం నెరిసేదాకా ఆ మెట్లే ఎక్కాను. చీఫ్ అయితే ఒరిగేదేమిటంటే, అప్పటిదాకా బొమ్మల మీద వంగిన మనిషి ఇక ఫైళ్ళ మీద వంగాలి. నాకు ఆ మార్పు బొత్తిగా నచ్చలేదు. అందుకని కొత్త కుర్చీ వేడెక్కకముందే ఒక పని నాకు నేనే వేసుకున్నాను. దాని సంగతే ఇది.

మా పని గురించి బయటివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. పాత బొమ్మలకు వైద్యం చేస్తామని గొప్పగా చెప్పుకుంటాం గానీ, అందులో ముప్పాతిక వంతు ఓపిక పట్టడమే. మసి తీస్తాం, చిరుగులు అతుకుతాం, వెనక వేసిన పాత కాగితం ఊడదీసి కొత్తది వేస్తాం. ఈ వెనక కాగితాన్ని నేను అస్తరు అంటాను. రవికెకు అస్తరు ఎలాగో, పట్టు మీద వేసిన బొమ్మకు ఇదీ అంతే. చేసిన పని ఏదైనా రేపు ఇంకొకరు విప్పేయగలిగేలా ఉండాలి, అసలు బొమ్మ మీద మన కుంచె పెట్టకూడదు. ఈ రెండూ మాకు ప్రాణంతో సమానం.

ఆ ఏడాది చలికాలానికి మా డైరెక్టరు గారు తూర్పు దేశాల కొండల బొమ్మలతో ఒక ప్రదర్శన తలపెట్టారు. మా దగ్గరున్నవి చాలక, ఊళ్ళో ఇళ్ళల్లో ఉన్నవి అరువు తేవాలన్నారు. పద్ధతి ఏమిటంటే, ఇంటివాళ్ళు బొమ్మ ఇస్తారు, మేం ఉచితంగా బాగుచేసి, ప్రదర్శించి, తిరిగి ఇస్తాం. అలా వచ్చిన పేర్లలో లేక్ మార్కెట్ దగ్గర ఒక తెలుగువారి ఇల్లుంది. వాళ్ళింట్లో కొరియా దేశపు బొమ్మ ఉందన్నారు. తెలుగిల్లు, కొరియా బొమ్మ! నేను తప్ప ఇంకెవరూ వెళ్ళడానికి వీల్లేదని ఆ ఫైలు లాక్కున్నాను. అంతకు కొన్నేళ్ళ ముందు ఆఫీసు వారే నన్ను సియోల్ పంపి, అక్కడ బొమ్మలకు అస్తర్లు వేసే ఒక పెద్దావిడ దగ్గర ఒక వేసవి శిక్షణ ఇప్పించారు. ఆ విద్య అప్పటిదాకా అక్కరకు రాలేదు.

ఆ ఇంటాయన విశ్వనాథం గారు, బ్యాంకులో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు పార్వతీపురం. భార్య అన్నపూర్ణమ్మ గారు బొబ్బిలి ఆవిడ. నాదీ ఆ వైపే, మా నాన్న టెక్కలి నుంచి వచ్చి షాలిమార్ గూడ్స్ యార్డులో పనిచేశారని చెప్పగానే, ఆవిడ నన్ను సోఫాలోంచి లేపి వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఉప్మా, దాని పక్కన ఒక రసగుల్లా పెట్టారు. ఇన్నేళ్ళు కలకత్తాలో కాపురం చేసినవాళ్ళకి ఆ రెండూ ఒకే పళ్ళెంలో ఉండటం వింతగా అనిపించదు.

"ఏటి తింటున్నావమ్మా, పిట్టలాగ! ఇంకాస్త వేసుకో," అని ఆవిడ వడ్డిస్తూనే ఉన్నారు. నేను బాబాయిగారు, పిన్నిగారు అనే వరసలోకి దిగిపోయాను.

బొమ్మ ముందు గదిలో గోడకు వేలాడుతోంది. పైనా కిందా కర్రలున్న పొడుగాటి పట్టు చుట్ట. ముందువైపు నల్లటి రాతి కొండ, దాని పాదంలో ఏరు, ఏటి ఒడ్డున ఒక గుడిసె. దాని వెనక మెత్తటి మట్టి కొండ. పైన నిండు చందమామ. అంతా సాంబ్రాణి పొగకీ, వంటింటి పొగకీ బెల్లప్పాకం రంగు తిరిగిపోయింది. వెనక తిప్పి చూస్తే కళ్ళు తిరిగాయి. ఎవరో మహానుభావుడు పార్సెళ్ళకు వాడే మందపాటి ఖాకీ కాగితం జిగురు పూసి దట్టంగా అంటించాడు.

దాని పుట్టుపూర్వోత్తరాలు విశ్వనాథం గారు చెప్పారు. ఆయన పెళ్ళికాని రోజుల్లో పై వాటాలో ఒక కొరియా ఇంజనీరు అద్దెకుండేవాడట, ఓడ యంత్రాల పని మీద వచ్చినవాడు. అతనికి టైఫాయిడ్ వస్తే ఈయన రోజూ గంజి కాచి తీసుకెళ్ళారు. కోలుకుని తన దేశం వెళ్తూ, ఇంట్లోంచి తెచ్చుకున్న ఈ బొమ్మ ఈయన చేతిలో పెట్టాడు. పట్టపగలు వరండాలో విప్పి, వేలు పెట్టి చూపించాడు. ఒకటో కొండ, రెండో కొండ, మూడో కొండ, దాని మీద చందమామ. ఆ వానాకాలంలోనే కప్పు కారి చుట్ట తడిసింది. పేటలో ఫ్రేములు కట్టే దుకాణానికిస్తే, గట్టిగా ఉంటుందని వాళ్ళు ఈ ఖాకీ అస్తరు వేసిచ్చారు. ఆ తరవాత పెళ్ళయింది, అన్నపూర్ణమ్మ గారు కాపురానికొచ్చారు.

నేను మళ్ళీ బొమ్మ వంక చూశాను. కొండలు రెండే ఉన్నాయి.

"అదిగో, నువ్వూ రెండే చూశావు గదా!" అని అన్నపూర్ణమ్మ గారు చప్పట్లు కొట్టినంత పనిచేశారు. "పెళ్ళైన కాణ్ణుంచి ఇదే గోల. మూడో కొండ ఉండేది, ఉండేది అంటారు. ఎక్కడికి పోద్దమ్మా కొండ? లేచి నడిచిపోద్దేటి?"

ఆ ఇంట్లో అది ఒక నుడికారమైపోయింది. ఆయన ఏదైనా చెబితే, అది నమ్మబుద్ధి కాకపోతే, ఆవిడ "మూడో కొండ" అంటారు. పిల్లలూ అదే నేర్చారు, పనిమనిషీ అదే అంటుంది. కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడేవాణ్ణన్నారా, మూడో కొండ. బ్యాంకులో పై అధికారిని ఎదిరించానన్నారా, మూడో కొండ. చివరికి ఆయన తల్లి పోయేముందు ఆస్పత్రిలో అన్న మాట కూడా. ఆవిడ బతికినన్నాళ్ళూ కోడలి వంటకు ఏదో ఒక వంక పెట్టేవారట. ఆఖరి రోజుల్లో కొడుకొక్కడే వెళ్ళి దగ్గరున్నారు. తిరిగొచ్చాక, "అమ్మ నీ మెంతిపులుసు అడిగింది. నాకంటే నా కోడలే బాగా చేస్తుందంది," అని భార్యకు చెప్పారు.

"మా అత్తగారు! నా పులుసు! ఈయన సర్దిచెప్పడానికి అల్లిన మాటమ్మా అది. మూడో కొండలకెల్లా పెద్ద కొండ," అని ఆవిడ నవ్వేశారు. విశ్వనాథం గారు మాత్రం నవ్వలేదు, వేడి టీ ఊదుకుంటూ కూర్చున్నారు.

బొమ్మ తీసుకునేముందు స్థితి పత్రం రాయాలి. బొమ్మలో ఏముంది, ఎక్కడ చిరిగింది, ఎక్కడ మరక ఉంది అన్నీ రాసి యజమాని సంతకం తీసుకోవాలి. రేపు గొడవలు రాకుండా అది మాకు రక్ష. నేను 'రెండు వరుసల కొండలు' అని రాశాను. విశ్వనాథం గారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, కలం మూత పెట్టేశారు.

"మూడని రాస్తే పెడతాను."

"బాబాయిగారూ, కంటికి కనపడని కొండని నేనెలా రాయను?"

"నేను చూశాను. రాయి."

ఎంత బతిమాలినా వినరే! బ్యాంకులో వేల సంతకాలు పెట్టిన మనిషి ఈ ఒక్కదానికీ మొరాయించారు. చివరికి పత్రం అడుగున 'యజమాని చెప్పిన ప్రకారం మూడు' అని ఒక ముక్క కలిపాను. అప్పుడు గానీ సంతకం పడలేదు. గుమ్మం దాకా వచ్చిన అన్నపూర్ణమ్మ గారు తన షరతు తాను పెట్టారు. కొండలు రెండైనా మూడైనా ఆవిడకు ఒకటేనట. చందమామ మాత్రం ఎలా ఉందో అలాగే రావాలి, ఆ బెల్లం రంగుతోనే. సాయంత్రం దీపం పెట్టాక కాసేపు ఆ చందమామ ఎదురుగా కూర్చోవడం ఆవిడకు అలవాటు. అది లేకపోతే పొద్దు గడవదన్నారు.

సరేనని తలూపి వచ్చేశాను గానీ, టాక్సీలో కూర్చున్నాక ఆ షరతే నన్ను తొలిచింది. ఎందుకో చెప్పాలంటే ఈ బొమ్మలు ఎలా వేస్తారో కాస్త చెప్పాలి.

కొరియా వారు ఇలాంటి బొమ్మని సాన్సు అంటారు. కొండ, నీరు అని అర్థం. నల్ల సిరా, దానికి తోడు లేత రంగులు ఒకటి రెండు, అంతే సరంజామా. రాతి కొండ వేయాలంటే కుంచె ఆరబెట్టుకుని పైనుంచి కిందికి నిలువు గీతలు బరబరా లాగుతారు. మట్టి కొండైతే తడి కుంచెను అడ్డంగా ఆనించి చుక్కల మీద చుక్కలు వేస్తారు, చెట్లు కప్పినట్టు కనిపిస్తుంది. ఒకప్పటి చిత్రకారులు చాలామంది తమ కొండల్ని కాళ్ళతో ఎక్కి తిరిగి వచ్చి వేశారు. అందుకే చూసేవాడు ఒకచోట నిలబడితే సరిపోదు. ఒక కొండని కిందనుంచి తలెత్తి చూడాలి, ఒకదాన్ని లోయలోంచి తొంగి చూడాలి, ఒకదాన్ని సమానమైన ఎత్తునుంచి దూరంగా చూడాలి. ఆ దూరపు కొండకు గీత ఉండదు, ఉత్త నీటిరంగు పూతే. వాన వెలిశాక పలాస దాటుతుంటే రైలు కిటికీలోంచి కనిపించే కొండలు నాకు గుర్తొచ్చేవి. దూరంగా ఉన్నది ఎప్పుడూ నీలంగానే ఉంటుంది.

ఇక చందమామ. ఆ చందమామని ఎవరూ వేయరు! చుట్టూ ఆకాశానికి పలచటి సిరా పూసి, మధ్యలో గుండ్రంగా వదిలేస్తారు. ఆ వదిలేసిన చోటే చందమామ. కాగితం మీద అయితే కాగితం రంగే వెన్నెల. పలచటి పట్టు మీద అయితే, పట్టు వెనకాల ఏ అస్తరు ఉంటే ఆ రంగు వెన్నెల. అంటే అన్నపూర్ణమ్మ గారు ఇన్నేళ్ళూ మురిసిపోయింది మా ఖాకీ మహానుభావుడి పార్సెల్ కాగితాన్ని చూసి అన్నమాట. ఈ మాట ఆవిడకు చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఇంకో సంగతి కూడా నాకు మింగుడు పడలేదు. ఆ బొమ్మలో చందమామ దేని మీదనుంచీ లేచినట్టు లేదు. రెండో కొండకీ దానికీ మధ్య బోలెడంత ఖాళీ. ఈ బొమ్మల్లో ఖాళీకి చాలా విలువుంది, నిజమే. కానీ ఆ ఖాళీ ఉద్దేశించి వదిలినట్టు లేదు, ఎవరో లేచి వెళ్ళిపోయిన కుర్చీలా ఉంది. అయినా విశ్వనాథం గారి మాట నమ్మడానికి నా దగ్గర ఆధారం లేదు.

ల్యాబులో నాకు తోడు తపన్‌దా. వయసులో నాకంటే పెద్ద, హోదాలో చిన్న. బెంగాలీలో దా అంటే అన్న, దిదీ అంటే అక్క. నేనాయన్ని దా అంటాను, ఆయన నన్ను దిదీ అంటారు, లెక్క సరిపోయింది. చేపల గురించి, బూజు గురించి ఆయన మాటే వేదం. కలకత్తా వర్షాకాలంలో బూజు అంటే పిలవకుండా వచ్చే చుట్టం. పుస్తకాల్లో, బట్టల్లో, కళ్ళజోడు పెట్టెలో ఎక్కడైనా దూరుతుంది. మా ల్యాబులో పనిచేసినవాళ్ళందరికీ ఏ మరక చూసినా ముందు బూజే గుర్తొస్తుంది. దాన్ని దూదికి స్పిరిటు అద్ది తుడిచేయడం చేతికి అలవాటైపోతుంది.

ముందు పైన మసి తీశాం. తరవాత బొమ్మ ముఖానికి రక్షగా పలచటి కాగితం అంటించి, బోర్లా పడుకోబెట్టాం. ఖాకీ కాగితం మీద తడిపిన అద్దుడు కాగితం పరిచి, జిగురు నానాక ఒక్కొక్క పీలికే చిమటాతో లాగడం మొదలుపెట్టాం. కింద రాతి కొండ భాగం అయింది, మట్టి కొండ భాగం అయింది. ఆ పైకి వచ్చేసరికి పట్టు వెనకవైపు నీలిబూడిద రంగు మచ్చ ఒకటి బయటపడింది.

"దిదీ, బూజు," అన్నారు తపన్‌దా, ఎదురుచూసిన చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టుగా. అప్పటికే చేతిలోకి దూది వచ్చేసింది, స్పిరిటు సీసా మూత ఊడింది.

నేనూ బూజే అనుకున్నాను. సరే తుడవండి అనబోయి, ఆగాను. ఆ మచ్చ పైఅంచు ఒక వంపు తిరిగింది. ఎక్కి, దిగి, మళ్ళీ కాస్త ఎక్కి ఆగింది. కిందవైపేమో అంచే లేదు, నీళ్ళతో సాగదీసినట్టు పలచబడి మాయమైంది. బూజు తడి ఉన్నచోటికల్లా పోతుంది గానీ, ఇంత పద్ధతిగా ఒక పక్క వంపు తిరిగి ఇంకో పక్క కరిగిపోదు. మూత పెట్టేసిన కలం గుర్తొచ్చింది. 'నేను చూశాను. రాయి.'

"తపన్‌దా, చెయ్యి తీయండి!" అని అరిచాను. ఆయన అదిరిపడి దూది కింద పడేశారు.

భూతద్దం పెట్టాం. బూజైతే సన్నటి పోగులు కనిపించాలి. ఇక్కడ పోగుల్లేవు. పట్టు నేత సందుల్లో నీలిమందు నలుసులు వజ్రం జిగురుతో, అంటే తోలు ఉడికించి తీసి రంగుల్లో కలిపే జిగురుతో, అంటుకుని ఉన్నాయి. అప్పుడు సియోల్‌లో మా పెద్దావిడ చూపించినది జ్ఞాపకం వచ్చింది. కొరియాలో పట్టు బొమ్మలకు ఒక పద్ధతుంది. కొన్ని రంగులు ముందు నుంచి వేయరు, వెనకనుంచి వేస్తారు. దాన్ని బేచే అంటారు. రంగు పట్టులోంచి వడకట్టినట్టు ముందుకు వచ్చి మెత్తగా కనిపిస్తుంది. మనుషుల ముఖాలకు ఎక్కువగా వాడతారు, కొండల బొమ్మల్లో అరుదు. ఆ చిత్రకారుడెవరో దూరపు కొండని మరీ దూరంగా చూపాలనుకుని, ఏకంగా పట్టుకు అవతలివైపు వేశాడు.

సంతోషం ఒక పక్క, భయం ఒక పక్క. ఎందుకంటే వజ్రం జిగురుకి తడి పడదు. మేం అద్దుడు కాగితాలతో తడుపుతూ లాగితే, ఖాకీ కాగితంతో బాటు కొండ కూడా లేచివచ్చేస్తుంది. ఇక తడి ఆపేశాం. మిగిలిన చోటంతా పొడిగానే, కాగితాన్ని పొరలుపొరలుగా గీకుతూ, చివరి పోగుల్ని చిమటాతో ఏరుతూ వచ్చాం. ఒక రోజులో కావలసిన పని వానాకాలం సగం తినేసింది. డైరెక్టరు గారు దసరా పూజా సెలవుల్లోపు కావాలని రెండుసార్లు కబురంపారు. తపన్‌దా మాత్రం కొండకు పేరు పెట్టి, వచ్చిన ప్రతివాళ్ళకీ "ఇది నేను తుడిచేయబోయిన కొండ" అని చూపించుకునేవారు.

విశ్వనాథం గారికి కబురు చేద్దామని ఫోన్ ఎత్తి, పెట్టేశాను. వెనకనుంచి ఉంది, సరే. ముందునుంచి కనిపిస్తుందా? ఇన్నేళ్ళ పొగకి పట్టు నల్లబడింది. రంగు ఎంత మిగిలిందో తెలియదు. ఉంది కానీ కనపడదని చెప్పడమంటే, ఆ పెద్దాయన్ని ఇంట్లో మళ్ళీ నవ్వులపాలు చేయడమే. చూశాకే చెప్పాలనుకున్నాను.

అస్తరు మొత్తం ఊడిన మర్నాడు, ముఖం మీది రక్ష కాగితం తీసేసి బొమ్మను వెల్లకిలా తిప్పాం. కింద మా పనిబల్ల. కాగితపు పోగులు మిగిలితే తెల్లగా కనపడాలని దానికి నల్లటి పలక వేయించాం. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని దంపతులిద్దరూ లోపలికి వచ్చారు. న్యూమార్కెట్‌కి వచ్చి, ఎలాగూ దగ్గరే గదా అని చూసిపోదామనుకున్నారట. అన్నపూర్ణమ్మ గారి చేతిలో మాకోసం జంతికల డబ్బా.

ఆవిడ బల్ల మీదకు వంగారు. డబ్బా ఠపీమని కింద పెట్టేశారు.

"ఓలమ్మ! నా చందమామేదీ?"

అస్తరు లేని పట్టు నల్లబల్ల మీద పడుకుంటే ఏమవుతుంది? చందమామ ఉండాల్సిన చోట నల్లగా ఒక గుండ్రం. అమావాస్యే. కొండలు కూడా నీడల్లా కలిసిపోయాయి.

"తుడిసేశారేటి? చెరిపేశారేటి? ఏటమ్మా పార్వతీ, అడిగానా లేదా నిన్ను, అదొక్కటీ ముట్టుకోవద్దని!" అని ఆవిడ నన్ను నిలదీశారు. తెలుగు ముక్క రాకపోయినా తపన్‌దాకి అంతా అర్థమైంది, గబగబా కుర్చీ తెచ్చి వేశారు. విశ్వనాథం గారు చూస్తున్నది చందమామ చోటు కాదు, దాని కిందిచోటు. అక్కడా ఏమీ లేదు.

"పిన్నిగారూ, మీ చందమామని ఎవరూ వేయలేదండీ. దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. ఉండండి, చూపిస్తాను," అన్నాను. నోటితో ధైర్యంగా అన్నాను గానీ లోపల నాకూ గుబులుగానే ఉంది.

అస్తరుకు కాగితం ఎంచేముందు నాలుగైదు ఛాయలు బొమ్మ కింద పెట్టి చూడటం మా పద్ధతి. తెల్ల కాగితాన్ని టీ నీళ్ళలో ముంచి, పలచటి టీ, చిక్కటి టీ అంటూ రంగులు తయారుచేసుకుంటాం. డార్జిలింగ్ వాడాలా, అస్సాం వాడాలా అని తపన్‌దాకీ నాకూ ఏళ్ళ తరబడి తగువు. ముందు చిక్కటి టీ కాగితాన్ని మెల్లగా పట్టు కిందకు జరిపాను.

బెల్లం రంగు చందమామ టక్కున తిరిగొచ్చింది. అన్నపూర్ణమ్మ గారు గుండె మీద చెయ్యేసుకుని, "అమ్మయ్య, ఉన్నాడు," అన్నారు. కొండలు చూస్తే రెండే.

దాన్ని తీసి, పలచటి టీ కాగితం పెట్టాను. చందమామ నేతి రంగులోకి వచ్చాడు. రెండో కొండ పైన ఏదో పొగలాంటిది ఉందా లేదా అన్నట్టుంది. విశ్వనాథం గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

చివరిగా కొరియా నుంచి తెప్పించి దాచుకున్న హాంజీ తీశాను. కాగితపు మల్బరీ బెరడుతో చేసే కాగితం, టీ తగలనిది, మీగడ తెలుపు. దాన్ని కిందకు జరుపుతుంటే, కిందనుంచి పైకి, ఏరు మెరిసింది, గుడిసెకు కిటికీ వచ్చింది, మట్టి కొండ మీద చుక్కలు విడివిడిగా లేచాయి. ఆపైన, ఇన్నాళ్ళ ఖాళీలో, నీలంగా, మెత్తగా, ఎక్కి, దిగి, మళ్ళీ కాస్త ఎక్కి, ఒక కొండ నిలబడింది. దాని భుజం మీద తెల్లటి చందమామ.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీఫ్ కన్సర్వేటర్ని గనక బల్ల మీద పడకుండా పక్కకు జరిగాను.

అన్నపూర్ణమ్మ గారు కుర్చీలోంచి లేచారు. పట్టుకు తగలకుండా వేలు గాల్లో పెట్టి, "ఒకటి. రెండు," అని ఆగారు. వేలు అక్కడే ఆగింది. "మూడు," అన్నారు.

విశ్వనాథం గారి ముఖం వెలిగిపోయింది. గెలిచినవాడు ఎగరాలి, కనీసం ఒక్కసారి "చెప్పానా?" అనాలి. ఆయన అదీ అనలేదు. నావైపు తిరిగి, "అమ్మాయ్, ఆ టీ రంగుదే వేసెయ్. ఆవిడకి ఆ చందమామ ఇష్టం. నేను చూశాను, ఆవిడా చూసింది. నాకది చాలు," అన్నారు.

చిక్కంతా అక్కడే ఉంది మరి. బెల్లం చందమామ కావాలంటే కొండ ఉండదు, కొండ కావాలంటే చందమామ తెల్లబడతాడు. అస్తరు ఒక్కటే వేయగలం. ఆ నిర్ణయం నాది కాదు, వాళ్ళది. నేను హాంజీ అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అన్నపూర్ణమ్మ గారు బొమ్మ చూడటం మానేసి భర్త ముఖం చూస్తున్నారు.

"ఏమండీ. మీ అమ్మగారు నా మెంతిపులుసు అడిగారన్నారు. నాకంటే నా కోడలే బాగా చేస్తాదన్నారని చెప్పారు."

"చెప్పాను."

"నిజంగా అన్నారేటి?"

"అన్నదనే కదా చెప్పాను, అప్పుడే."

ఆవిడ పైటచెంగుతో ముఖం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. తరవాత జంతికల డబ్బా మూత తీసి ముందు తపన్‌దా చేతిలో పోసి, నాకు పెట్టి, అప్పుడు అన్నారు, "తెల్లదే వెయ్యమ్మా, పార్వతీ."

గోధుమ గంజితో హాంజీ అస్తరు వేసి, బల్ల మీద బిగించి ఆరబెట్టి, పూజా సెలవులు దాటిపోయాక అప్పగించాం. డైరెక్టరు గారు ఆలస్యానికి నన్ను రెండు మాటలన్నారు గానీ, ప్రదర్శనలో ఆ బొమ్మ ముందు జనాన్ని చూశాక ఆ మాటలు వెనక్కి తీసుకున్నారు. అది తిరిగి లేక్ మార్కెట్ గోడకెక్కిన రోజు మళ్ళీ స్థితి పత్రం రాశాను. విశ్వనాథం గారు చదవకుండానే సంతకం పెట్టేశారు. చదివింది అన్నపూర్ణమ్మ గారు, అది కూడా పైకి. ఆ ఇంట్లో ఆ నుడికారం ఇప్పటికీ ఉంది. ఏదైనా సంగతి ఖాయమని చెప్పాలంటే "మూడో కొండ" అంటారు.

ఆ పని తరవాత మా విభాగంలో రెండు నియమాలు పెట్టాను. అస్తరు ఊడదీసిన రోజున యజమానుల్ని లోపలికి రానివ్వకూడదన్నది ఒకటి. దాన్ని ఎవరూ పాటించడం లేదని విన్నాను. రెండోది పాటిస్తున్నారు. యజమాని ఉందని చెప్పి, మన కంటికి ఆననిది ఏదైనా ఉంటే, పత్రంలో 'లేదు' అని రాయకూడదు. 'ప్రస్తుతం కనిపించడం లేదు' అని రాయాలి.